ఆకు చూడకుండా చెప్పిన పేరు

"ఆకూ పువ్వూ చూడకుండా మొక్క పేరు చెప్పకండి. తెలియకపోతే తెలియదని రాయండి, మార్కులు వేస్తాను."

కోస్తాలో ఒక చిన్న ఊరి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ, మొదటి ప్రాక్టికల్ రోజున పిల్లలకు నేను చెప్పిన మాట ఇది. నిజంగానే మార్కులు వేసేవాణ్ణి కూడా. తెలియదని రాసినవాడికి సగం మార్కులు, ఊహించి రాసినవాడికి సున్నా. పిల్లలు గొణుక్కునేవారు. ఆ నియమాన్ని అన్నేళ్లలో ఒక్కసారి కూడా సడలించలేదు. రిటైరయ్యాక, మచ్చ బొల్లారం వచ్చాక, నేనే తప్పాను. దానివల్ల ఒక మనిషి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు.

మేం ఇక్కడికి రావడం నా భార్య కోరిక. మాకు పిల్లలు లేరు. ఆమె చెల్లెలు అల్వాల్‌లో ఉండేది కాబట్టి, మిగిలిన రోజులు అక్కాచెల్లెళ్లం దగ్గర దగ్గరగా ఉంటామంది. రెండు గదుల ఫ్లాటు కొనుక్కుని వచ్చాం. మూడో ఏడు తిరక్కుండానే ఆమె పోయింది. ఆ తర్వాత చెల్లెలి కుటుంబం ఉద్యోగ బదిలీమీద బెంగళూరు వెళ్లిపోయింది. ఎవరికోసం ఈ ఊరు వచ్చామో వాళ్లెవరూ లేని ఊళ్లో నేను మిగిలాను.

ఒక మనిషికి కూర ఎంత వండాలో నాకు ఇప్పటికీ చేతకాలేదు. సాంబారు పెడితే మూడు రోజులొస్తుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ తలుపు గొళ్లేనికి తగిలించి వెళ్లిపోతారు, మనిషి కనపడడు. కొన్ని రోజులు పదకొండింటికి కూరగాయల బండి వచ్చి "ఎంత కావాలె సార్" అన్నప్పుడు గానీ నా గొంతు నాకు వినిపించేది కాదు. మొదటి మాట బొంగురుగా వచ్చేది. అతను రోజూ "జలుబు జేసిందా సార్" అని అడిగేవాడు. నేను అవుననేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కాలనీ పార్కులో వాకింగ్ చేసేవాళ్లతో కలిశాను. గోడవారన పెరిగిన ఒక మొక్కను చూపించి ఒకావిడ, ఇది పిచ్చిమొక్కా, తులసిలాంటిదా అని ఎవరినో అడుగుతోంది. నేను పక్కనుంచి వెళుతూ పేరు చెప్పాను. ఊరికే పేరు చెప్పి వెళ్లిపోకుండా, ఆకు నలిపి వాసన చూపించి, కాండం నాలుగు పలకలుగా ఉండటం వేలితో తడిమి చూడమన్నాను. నలుగురు చుట్టూ చేరారు. మర్నాడు ఇంకో ఇద్దరు ఆకులు పట్టుకొచ్చారు. వారం తిరిగేసరికి నేను "మొక్కల మాస్టారు" అయిపోయాను. వాట్సాప్ గ్రూపులో చేర్చారు. బాల్కనీ కుండీల ఫొటోలు, రోడ్డు పక్క పూల ఫొటోలు పెట్టి "మాస్టారూ, ఇదేంటండీ?" అని అడిగేవారు.

ఫోను మోగేదాకా ఎదురుచూడటం అలవాటైంది. నిజం చెప్పాలంటే, మసకగా ఉన్న ఫొటోలకు కూడా పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. "సరిగ్గా కనపడటంలేదు" అంటే అవతలివాళ్లు "పర్లేదులెండి" అని ఊరుకుంటారు. పేరు చెబితే "వావ్ మాస్టారూ" అంటారు, ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఆ నాలుగు ప్రశ్నల కోసం నేను రెండుమూడుసార్లు ఊహించి చెప్పాను. అవి బాల్కనీ మొక్కలు. తప్పు చెప్పినా ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

ఆ గుంపులో నాకు నిజమైన స్నేహితుడంటూ అయినవాడు ఒక్కడే. మా పక్క వీధిలో ఉండేవాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మేడ్చల్ అవతల ఒక పల్లెలో పుట్టి పెరిగినవాడు. ఆదివారం భార్యాభర్తలిద్దరూ తెల్లబట్టలు వేసుకుని చర్చికి వెళ్లేవారు. అరవై రెండేళ్ల వయసులో కూడా ఆయన జుట్టు ఒత్తుగా ఉండేది. వాకింగ్ కాగానే స్కూటర్ అద్దంలో చూసుకుంటూ జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకునేవాడు. నా బట్టతల వంక చూసి, "సార్, మీది మెయింటెనెన్స్ ఖర్చు లేని తలకాయ" అని నవ్వేవాడు. అందరూ వెళ్లిపోయాక కూడా ఆయన ఉండేవాడు. టీ బండి దగ్గర ఇద్దరం నిలబడి మాట్లాడుకునేవాళ్లం. గురువారం పొద్దున ఆయన స్కూటర్ మీద శామీర్‌పేట దాకా వెళ్లేవాళ్లం. చెరువు చుట్టుపక్కల బండరాళ్ల మధ్య ఇంకా కాస్త పొదలు, తీగలు మిగిలున్నాయి. నేను మొక్కలు చూసేవాణ్ణి, ఆయన నా వెనకాల చేతులు కట్టుకుని నడిచేవాడు.

అది ఫిబ్రవరి. ఎండ అప్పుడే ముదురుతోంది. మేం ఎప్పుడూ వెళ్లే దారిలో ఒక వెంచర్‌వాళ్లు జేసీబీతో నేల చదును చేయిస్తున్నారు. పొదలన్నీ వేళ్లతో సహా లేచి కుప్పలుగా పడున్నాయి. ఎర్రమట్టి మీద అక్కడక్కడా దుంపలు బయటపడ్డాయి. బొటనవేలంత లావు, జానెడు పొడవు, లేత గోధుమరంగు. నా మిత్రుడు వంగి ఒకటి తీశాడు. మట్టి దులిపి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సార్, నా చిన్నప్పుడు మా అవ్వ అడవిలకెళ్లి గడ్డలు తవ్వుకొచ్చేది. ఉడ్కవెట్టి, ఇంత ఉప్పేసి పెట్టేది. గిసోంటియే. గివేనా?"

"మీకు గుర్తులేదా?"

"నాకు ఆరేండ్లో ఏడేండ్లో. అవ్వ చెయ్యి యాదికున్నది గని గడ్డ మొకం యాదికి లేదు సార్." నవ్వాడు. "గా రుచి మల్ల ఎన్నడు తగల్లే. మీరు జెప్పుండ్రి."

నేను దుంప తీసుకున్నాను. విరిచాను. లోపల తెల్లగా ఉంది. వాసన చూశాను, ప్రత్యేకమైన వాసనేమీ లేదు. చుట్టూ చూస్తే ఆకు లేదు, పువ్వు లేదు. ఉన్న తీగలన్నీ ఎండి, మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. ఏ తీగకు ఏ దుంపో తెలిసే వీలే లేదు. తెలియదని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా. ఆయన అవ్వను ఆయనకు తిరిగి ఇవ్వగలిగినవాణ్ణి ఆ నిమిషంలో నేనొక్కణ్ణే అనిపించింది.

"పెండలం జాతండీ," అన్నాను. "అడవి పెండలం. ఉడకబెట్టుకుని నిక్షేపంగా తినొచ్చు."

ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. నాలుగు దుంపలు ఏరి, రెండు కర్చీఫ్‌లో కట్టుకుని, రెండు నాకిచ్చాడు. "మీరు సుత తినాలె. రేపు ఇద్దరం తిని, రుచెట్లున్నదో ఫోన్‌ల మాట్లాడుకుందం," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ రెండూ వంటింటి గట్టుమీద పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం వాటివంక చూశాను. ముందురోజు సాంబారు గిన్నెలో సగానికి సగం అలాగే ఉంది. ఒక్కడి కోసం మళ్లీ స్టవ్ వెలిగించి, దుంపలు కడిగి, ఉడకబెట్టి, తొక్క తీసి... ఎవరు చేస్తారు అనుకున్నాను. అన్నంలో ఆ సాంబారే పోసుకుని తిని పడుకున్నాను. సాయంత్రం ఆయన ఫోన్ చేస్తాడనుకున్నాను, చేయలేదు. నేనూ చేయలేదు. తినలేదని చెబితే నొచ్చుకుంటాడు, తిన్నానని అబద్ధం చెప్పాలి. రేపు చూద్దాంలే అనుకున్నాను.

శనివారం ఏడు గంటలకు ఆయన భార్య ఫోన్ చేసింది.

"సార్, నిన్న మా ఆయన ఏం గడ్డ తిన్నడు? మీరిద్దరు తెచ్చుకున్నరంట గదా. పొద్దుగూకినప్పటి సంది ఒకటే వాంతులు, ఇరేచనాలు. తెల్లారంగనే దవాఖానకు తీస్కొచ్చిన. డాక్టరమ్మ ఏం గడ్డ అని అడుగుతాంది. జర జల్దీ రాండ్రి సార్."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ దుంపల్ని అప్పుడు చూశాను. అంటే, గురువారం చూడాల్సిన చూపు శనివారం చూశాను. పెండలం దుంపకు ఒళ్లంతా సన్నటి పీచువేళ్లు ఉంటాయి. దీనికి లేవు, నున్నగా ఉంది. పెండలం ఇలా మధ్యలో మోకాలులా వంగదు. ఇది రెండు చేతులు చాచినట్టు వంగి ఉంది, చివరన చిన్న మొలక మొన. నాగలి ఆకారం. సంస్కృతంలో ఆ ఆకారాన్ని బట్టే ఒక మొక్కకు లాంగలి అని పేరు పెట్టారు. ఆ పేరు పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ దుంపల్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. అల్వాల్ వైపు మెయిన్ రోడ్డు మీద ఉంది అది. డాక్టరు ముప్పై ఏళ్లుండే అమ్మాయి. దుంపను గ్లవ్స్ చేత్తో తిప్పి చూసింది.

"ఇదేంటో మీకు తెలుసా సార్?"

"అనుమానం ఉందండీ. అడవినాభి అయ్యుండొచ్చు. అగ్నిశిఖ అనికూడా అంటారు. దాన్లో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. ఉడకబెట్టినా పోదు. కానీ మళ్లీ తప్పు చెప్పలేను. ఆకు చూస్తే గానీ... ఒక్క గంటన్నర టైమివ్వండి."

"మీరు చెప్పినదాన్నే అనుకుని మేం చూస్తుంటాం. మీరు వెళ్లి కన్ఫర్మ్ చేసుకురండి," అంది.

ఆటోలో తూంకుంట దాటి శామీర్‌పేట వెళ్లేదాకా నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియలేదు. వెంచర్ దగ్గర ఆరోజు జేసీబీ ఆగి ఉంది. మట్టికుప్పల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఎండుతీగా లాగి చూశాను. తెగిపోతున్నాయి, పొడైపోతున్నాయి. కాసేపటికి కుప్ప అంచున, బండరాయికి ఆనుకుని, జేసీబీ పంటికి అందని తీగ ఒకటి దొరికింది. మెల్లగా మట్టి తీస్తూ కిందికి వెళితే దాని కింద అదే దుంప, వంగినది. తీగమీద గడ్డిలా ఎండిన ఆకులు నాలుగున్నాయి. ప్రతి ఆకు చివరా సన్నగా సాగి, నులితీగలా చుట్టుకుపోయి ఉంది. ఆకు కొసే ఆధారాన్ని పట్టుకునేలా మెలిక తిరగడం ఈ మొక్కకున్న గుర్తు. పక్కనే ఎండిన కాయ పగిలి, లోపల ఎర్రటి గింజలు కనపడుతున్నాయి. ఇంక ఏ పుస్తకమూ తిరగేయనక్కర్లేదు.

మేకల్ని తోలుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి ఆగింది. మట్టిలో కూర్చున్న ముసలాణ్ణి చూసి ఏమనుకుందో.

"ఏం దేవులాడుతున్నవ్ సారు?"

తీగ ఎత్తి చూపించాను. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"గది నాభిగడ్డ. వానకాలంల ఎర్రగ, పచ్చగ మంట తీర్గ పూస్తది. సూసెటందుకు మస్తుంటది గని, మ్యాకలు సుత మూతి వెట్టయి దానికి. నువ్వెందుకు ముట్టినవ్?"

"తింటే ఏమవుతుందమ్మా?"

ఆమె నా మొహం పరిశీలనగా చూసింది. "ఎవలన్న తిన్నరా?"

నేను తలూపాను.

"మరి గీడ కూసున్నవేంది? పో సారు, జల్దీ పో. గా చేతులు గడుక్కో ముందుగాల." తన దగ్గరున్న సీసాలోని నీళ్లు నా చేతుల మీద పోసింది. ఆమె చదువుకోలేదు. కానీ ఆ దుంపను ఆమెకు ముందే చూపించి ఉంటే నా మిత్రుడికి ఈ గతి పట్టేది కాదు. అక్కడ మేకలు మేస్తుంటాయని నాకు తెలుసు. అడగొచ్చని గురువారం తోచలేదు. పేరు చెప్పాల్సింది నేనే అనుకున్నాను.

ఆసుపత్రికి తిరిగొచ్చి డాక్టరుకు తీగ చూపించాను. ఆమె ఫోనులో ఏదో చదివి, ఎవరితోనో మాట్లాడి వచ్చింది.

"దీనికి ప్రత్యేకంగా విరుగుడు మందంటూ మా దగ్గర లేదు సార్. సెలైన్ ఎక్కించాలి, కిడ్నీలు, గుండె, రక్తకణాలు రోజూ చూసుకోవాలి. ఇప్పుడు వాంతులు, విరేచనాలు. రేపటికి అవి తగ్గితే బాగైపోయాడనుకుంటారు. కానీ అసలు భయం ఆ తర్వాతే. మూడో రోజు నుంచి రక్తకణాలు పడిపోతాయి. వారం దాటితే చెప్పగలం." రాసుకుంటూ అడిగింది. "ఇది తినొచ్చని ఎవరు చెప్పారు?"

"నేనే."

"మీరేం చేసేవారు సార్?"

"వృక్షశాస్త్రం లెక్చరర్‌నండీ."

ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. నేను వెనక్కి తిరిగేసరికి నా మిత్రుడి భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. బయట వరండాలోకి నడిచాం.

"నిన్న శుక్రవారం, నాకు ఉపవాస ప్రార్థన," అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది. "నేను చర్చికి వోయిన. నేనొచ్చెసరికి ఆయనే ఉడ్కవెట్టుకున్నడు. జర చేదుగున్నదన్నడు. చేదుంటే పారెయ్యి అన్న. సార్ జెప్పిండు గదా అని సగం దాకా తిన్నడు. మా అవ్వ గడ్డ గూడ గిట్లనే చేదుంటుండెనేమో అన్నడు."

అంతలోనే ఆమె నావైపు తిరిగింది.

"మీరు తిన్నరా సార్?"

"లేదండీ."

"ఎందుకు తినలే?"

సాంబారు మిగిలిందని, ఒక్కడి కోసం స్టవ్ వెలిగించడానికి బద్ధకించానని ఆమెతో ఎలా చెప్పను? అది నిజమే, కానీ ఆ వరండాలో ఆ నిజం ఎంత పెద్ద అబద్ధంలా వినిపిస్తుందో నాకు తెలిసింది. నాకే నమ్మకంలేక తినలేదని ఆమె అనుకున్నట్టుంది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఆదివారం సాయంత్రానికి వాంతులు తగ్గాయి, ఇడ్లీ కావాలన్నాడు. సోమవారం జ్వరమొచ్చింది. మంగళవారం తెల్లకణాలు పడిపోయాయని ఐసీయూకి మార్చారు. నేను రోజూ పొద్దున వెళ్లి బయట కుర్చీలో కూర్చునేవాణ్ణి. వాళ్ల చర్చివాళ్లు గుంపులుగా వచ్చి, గాజు తలుపు బయట నిలబడి ప్రార్థన చేసి వెళ్లేవారు. ఆ గుంపులో నాకు చోటులేదు, అలాగని లేచి వెళ్లలేను. ఒకరోజు ఒకాయన, "మీరు పేషెంట్‌కి ఏమవుతరు?" అని అడిగాడు. ఏమవుతానో తోచక, "కలిసి నడుస్తామండీ" అన్నాను.

తొమ్మిదో రోజు వార్డులోకి తెచ్చారు. అప్పుడు లోపలికి వెళ్లనిచ్చారు. మనిషి సగమయ్యాడు. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయాయి. మంచం పక్కన నిలబడి చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆకు లేకుండా పేరు చెప్పకూడదని నాకు తెలుసని, తెలిసీ చెప్పానని, మీరు అలా చూస్తుంటే తెలియదని అనలేకపోయానని. సాంబారు సంగతి కూడా చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత అన్నాడు, "మీరు జెప్పిండ్రు, నేను తిన్న. చేదుగుంటే ఆపాలె గదా సార్. నాకు తెల్వి లేదా?" పెదాలు తడుపుకుని, "మీరు తినకపోవుడే మంచిదైంది. ఇద్దరం పండుకుంటే ఆ గడ్డ పేరు ఎవలు జెప్తుండిరి?" అన్నాడు.

అది క్షమించడమో, అలసటో నాకు తెలియలేదు. అడగలేదు.

డిశ్చార్జి అయ్యాక పలకరించడానికి ఇంటికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. దిండు మీద, భుజాల మీద, నేలమీద అంతా జుట్టు. చెయ్యి పెడితే గుప్పెడు గుప్పెడు వస్తోంది. రెండు వారాలు తిరిగాక జుట్టు రాలుతుందని, మళ్లీ వస్తుందని డాక్టరు ముందే చెప్పిందట. ఆ విషం వేగంగా పెరిగే కణాలనే పట్టుకుంటుంది: పేగుల్లోవి, ఎముక మూలుగలోవి, జుట్టు కుదుళ్లలోవి. పాఠంలో అది ఒక వాక్యం. ఆ ఇంట్లో ఆయన భార్య చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తుతోంది. ఆయన తలమీద చెయ్యి వేసుకుని, ఊడినదాన్ని వేళ్ల మధ్య చూసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నేను తెచ్చిన యాపిల్ పళ్లు బల్లమీద పెట్టాను. ఆయన భార్య వాటిని తీసి లోపల పెట్టలేదు, వద్దని కూడా అనలేదు. పది నిమిషాలు కూర్చుని వచ్చేశాను. తర్వాత రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆయన నిద్రపోతున్నాడని చెప్పింది.

కాలనీలో సంగతి అందరికీ తెలిసింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. గ్రూపులో ఎవరో "తెలియని మొక్కలు తినవద్దు" అని ఒక ఫార్వర్డ్ పెట్టారు, దాని కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత మొక్కల ఫొటోలు ఆగిపోయాయి. పుట్టినరోజు శుభాకాంక్షలు, గుడ్ మార్నింగ్ పూలు, నీళ్ల ట్యాంకర్ సంగతులు, అంతే. పార్కులో నేనొస్తే జరిగి దారిచ్చేవారు. అంతకుముందు ఎవరూ జరిగేవారు కాదు, ఆపేవారు. నేను ఆరింటికి వెళ్లడం మానేసి, పార్కు ఖాళీ అయ్యే ఎనిమిదింటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఎండలో రెండు చుట్లు తిరిగి వచ్చేవాణ్ణి.

ఎండాకాలమంతా అలా గడిచింది. ఆయనకు కాళ్లలో బలం రావడానికి నెలలు పట్టింది. కర్ర పట్టుకుని వాళ్ల ఇంటి ముందు అటూ ఇటూ నడుస్తుంటే దూరం నుంచి చూసేవాణ్ణి. తలకు గుడ్డ టోపీ పెట్టుకునేవాడు. వానలు పడ్డాక ఒకరోజు టోపీ లేకుండా కనపడ్డాడు. తలమీద నూగులాంటి జుట్టు, తెల్లగా. మునుపటి నలుపు రాలేదు. చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. మధ్యలో రోడ్డుంది, నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇద్దరం దాటలేదు.

ఆగస్టులో ఒక్కసారి శామీర్‌పేట బస్సెక్కి వెళ్లాను. వెంచర్‌కు ప్రహరీ కట్టేశారు. గోడ బయట, కంపచెట్టు మీదికి పాకి, ఆ తీగ పూసి ఉంది. రేకలన్నీ వెనక్కి మడుచుకుని, అంచులు ఎర్రగా, మొదలు పసుపుగా, నిజంగా మంటలాగే ఉంది. దాన్ని ఇంతకుముందు చిత్రపటాల్లో, ఎండబెట్టిన నమూనాల్లో ఎన్నోసార్లు చూశాను. ఇంత దగ్గరగా, గాలికి కదులుతుంటే చూడటం మాత్రం అదే మొదలు. అక్కడ పనిచేసే మేస్త్రీలకు చూపించి, దీని గడ్డ ఎవరూ తినకుండా చూడండని చెప్పాను. ఒకతను, "మాకు ఎర్కనే సార్" అన్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను. దారి పొడుగునా పక్కసీటు ఖాళీగానే ఉంది.

డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందురోజు మధ్యాహ్నం, ఎవరో తలుపు కొట్టారు. నా మిత్రుడి భార్య. చేతిలో స్టీలు ప్లేటు, దానిమీద ఇంకో ప్లేటు మూతగా బోర్లించి ఉంది.

"కేకు సార్. ఇంట్లనే చేసిన. ఆయన ఇచ్చి రమ్మన్నడు."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. గడప బయటే నిలబడింది.

"ఆయన ఎలా ఉన్నారండీ?"

"మంచిగనే ఉన్నడు. నడుస్తుండు. జుట్టు గూడ వస్తాంది." మెట్ల వైపు ఒకసారి చూసి మళ్లీ నావైపు తిరిగింది. "ఆయన మిమ్మల్ని ఎప్పుడో మాఫ్ జేసిండు సార్. ఆయన మనసు అసోంటిది. నేను గూడ రోజు ప్రార్థనల అడుగుతున్న. నాకింక టైం పడ్తది. దాసిపెట్టుడెందుకని చెప్తున్న."

"టైం తీసుకోండమ్మా," అన్నాను.

ఆమె వెళ్లాక కేకు తిన్నాను. జీడిపప్పు, ఎండుద్రాక్ష ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఇంకొకరి చేతివంట తినడం. సగం తిని, సగం మర్నాటికి దాచాను.

ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని నా భార్య అనేది. ప్లేటు కడిగి, దాన్లో ఏం పెట్టాలో చాలాసేపు ఆలోచించాను. నేను వండింది ఆ ఇంటికి పంపే ధైర్యం లేదు. ఆకూ కాయా దుంపా ఏదీ నా చేత్తో వెళ్లకూడదు. చివరికి పండుగనాడు షాపుకెళ్లి పంచదార ప్యాకెట్ కొని, విప్పకుండా ప్లేటులో పెట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది, పండుగ కదా, చర్చిలో ఉంటారు. పక్కింటావిడ, ఇవ్వండి, నేనిస్తానంది. వద్దండీ, మళ్లీ వస్తానని వెనక్కి తెచ్చుకున్నాను.

మర్నాడు ఆమే తలుపు తీసింది. ప్లేటు అందుకుని, ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. సీలు అలాగే ఉంది. ఆమె మొహంలో ఏదో కదిలింది. నవ్వు అని చెప్పలేను, కానీ కోపం మాత్రం కాదు.

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఎవలు?"

"సార్ వచ్చిండు," అందామె, వెనక్కి తిరగకుండానే. తలుపు ఇంకాస్త తెరిచి, తాను పక్కకు జరిగింది. నేను చెప్పులు విప్పాను.